రోడ్డు గుంజలు

బేరంలో ముందు నోరు జారినవాడే నష్టపోతాడు. మలేసియాలో హుటాన్ మెలింటాంగ్ రేవులో ఎండుచేపల టోకు వ్యాపారం చేసి, ఆ దుకాణం అమ్మేసి, లైసెన్సు తీసుకుని డిటెక్టివ్ అయిన సుప్పయ్యకి ఈ ఒక్క సూత్రం రెండు వృత్తుల్లోనూ అన్నం పెట్టింది. అందుకే ఆ బుధవారం పొద్దున తెలుక్ ఇంటాన్‌లో భూములు కొని అమ్మే ఆల్బర్ట్ ఆఫీసుకి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, వాళ్ళిచ్చిన కాఫీ తాగుతూ ఊరుకున్నాడు.

ఆల్బర్ట్ కాసేపు ఓర్చుకున్నాడు. పెన్ను తీశాడు, మూత పెట్టాడు, ఫోను బోర్లించాడు. చివరికి అక్కడి అలవాటుగా మాటకో 'లా' తగిలిస్తూ మొదలుపెట్టాడు.

"అడగండి లా, అంకుల్. భారతి పంపిందని నాకు తెలుసు. శ్రీకుమార్ నాకు బ్రోకర్ మాత్రమే కాదు, తమ్ముడి లెక్క. వాడు పోతే నాకు బాధ లేదా ఏటి?"

"ఉంటాది," అన్నాడు సుప్పయ్య. "ఎవరి బాధ వాళ్ళకుంటాది."

శ్రీకుమార్ శుక్రవారం తెల్లవారాక కాలువలో శవమై తేలాడు. ఆ కాలువ గట్టు పోలమ్మ అనే ముసలామె పామాయిల్ తోటలో ఉంది. తూము మీద పలక దాటుతూ కాలు జారాడని పోలీసులు రాసుకున్నారు. తాగి ఉన్నాడని ఊరు దానికి కలిపింది. భార్య భారతి మాత్రం రెండూ నమ్మలేదు. ఆమె సుప్పయ్యకిచ్చిన గడువు చాలా చిన్నది, అదీ ఆమె పెట్టింది కాదు. ఈ సాయంత్రం నాలుగింటికి పోలమ్మ తన తోటని లాయరు దగ్గర ఆల్బర్ట్‌కి రాసివ్వబోతోంది. రేపు పొద్దున అక్కడ యంత్రం దిగుతుంది. గట్టు, తూము, పలక అన్నీ చదునైపోతాయి. ఆ తర్వాత శ్రీకుమార్ ఎప్పటికీ తాగి చచ్చినవాడే.

"ఆ తోటల మీదుగా పోర్టు రోడ్డు వస్తాదని నీకు ముందు చెప్పింది ఎవరు?" అని అడిగాడు సుప్పయ్య.

"అందరికీ తెలుసు కదా. వైబీ గారి ఆఫీసులోనే మాట్లాడుకుంటున్నారు." వైబీ అంటే అక్కడ ఎమ్మెల్యేని పిలిచే పిలుపు.

"వైబీ నీతో చెప్పినాడా?"

"ఆయన చెప్తాడా లా? ఎలక్షన్ ముందు బయట పెట్టరు. ఆయన పీయే చెప్పినాడు."

"నీకు?"

ఆల్బర్ట్ నవ్వాడు. "శ్రీకుమార్‌కి. శ్రీకుమార్ నాకు చెప్పినాడు."

సుప్పయ్య తల ఊపాడు. పుకారు కూడా సరుకే. చిల్లర అమ్మేవాడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే టోకు వర్తకుడు దొరుకుతాడు. అతని వెనకాల సరుకు తయారుచేసినవాడు ఉంటాడు. రెండు రోజులుగా సుప్పయ్య చేస్తున్నది ఆ నడకే. మంగలి షాపులో మాట గుడి కమిటీ సెక్రెటరీ నుంచి వచ్చింది. సెక్రెటరీకి పార్టీ బ్రాంచి మనిషి చెప్పాడు. పార్టీ మనిషికి శ్రీకుమార్ చెప్పాడు. అందరి వేళ్ళూ చివరికి చచ్చినవాడి వైపే తిరుగుతున్నాయి. చచ్చినవాడి దుకాణం నుంచి వచ్చిందని చెప్పిన సరుకుని వాపసు చెయ్యడానికి వీలుండదు. అది అమ్మేవాడికి మంచి సౌకర్యం.

"పోలమ్మ తోటకి అంత ధర ఎందుకిస్తున్నావు? అవతల గట్టున నువ్వు కొన్న తోటకి దాంట్లో మూడో వంతు కూడా పెట్టలేదు కదా."

"అంకుల్, మీకు ఒక హిస్టరీ చెప్తాను." ఆల్బర్ట్ కుర్చీలో ముందుకి జరిగాడు. ఇది చాలాసార్లు చెప్పిన కథ అని ఆ జరగడంలోనే తెలిసిపోయింది. "అమెరికా కొత్తగా దేశమైనప్పుడు రాజధాని ఎక్కడ పెడతారో ఎవరికీ తెలీదు. పెద్దాళ్ళు ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడుకున్నారంట. ఆ మాట చెవిన పడినోడు నది పక్కన బురద నేల కొన్నాడు. మిగతా జనం నవ్వినారు. తర్వాత అదే రాజధాని. మా తాత ఎస్టేట్లో రబ్బరు పాలు గీసినాడు, మీ తాతా గీసినాడు. మన చెవిలో ఇన్నాళ్ళకి ఒక మాట పడింది. మనం వదులుకోవాలా?"

"ఆ బురద కొన్నాళ్ళందరూ బాగుపడ్డారా?"

"తెలివైనోళ్ళు బాగుపడ్డారు."

"మరి దివాలా తీసినాళ్ళ సంగతి నీ హిస్టరీలో లేదేటి?"

అమ్మేవాడి కథలో దివాలా తీసినవాడు ఎప్పుడూ ఉండడు, ఆ సంగతి సుప్పయ్యకి కొత్త కాదు.

అప్పుడు చూశాడు అతను కిటికీ గూట్లో ఆరబెట్టిన తెల్ల కాన్వాసు బూట్లని. ఉతికి పెట్టారు. అయినా వాటి మీద ఎర్రటి మచ్చలు మిగిలాయి. ఇటుకరంగు ఎరుపు.

"బూట్లు పాడైపోయినాయి, పాపం."

"ఆ, అవా? బటాంగ్ బెర్జుంటైలో ఇంకో సైటు ఉన్నాది. ఎర్రమట్టి. సబ్బు పెట్టి తోమినా పోలేదు లా. పారెయ్యాలి."

"పోలమ్మ తోటకి వేసుకెళ్ళినవి కావన్నమాట."

"అక్కడికి నేనెప్పుడూ వెళ్ళలేదు అంకుల్. బురద. శ్రీకుమారే చూసుకునేవాడు. గేటు దాకా కారు, అంతే."

మట్టి అడుగునుంచి పైకి పాకుతుంది. ఈ మచ్చలు మాత్రం బూటు పైభాగాన, పక్క నుంచి చిమ్మినట్టు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. అడుగు అంచు శుభ్రంగా ఉంది. లెక్క ఎక్కడో తేలలేదు. తేలని లెక్కని సుప్పయ్య గట్టిగా అనడు, ఒక మూల పెట్టుకుంటాడు.

లేచి గుమ్మం దాకా వెళ్ళాక ఆల్బర్ట్ వెనకనుంచి అన్నాడు. "భారతికి చెప్పండి. సాయంత్రం సంతకానికి తననే సాక్షిగా రమ్మన్నాను. ముసలామెకి మలయ్ కాయితం చదివి చెప్పాలి కదా. నా మనసులో కల్మషం ఉంటే వాడి పెళ్ళాన్నే పిలుస్తానా?"

"పిలవవు," అన్నాడు సుప్పయ్య. సమాధానం మర్యాదగానే ఉంది. కానీ అడగని రుజువు చూపించేవాడిని రేవులో ఎవరూ నమ్మరు.

*

పోలమ్మ తోటకి అతను మోటారుసైకిల్ మీద చేరేసరికి పదకొండు దాటింది. కాలువకి ఇవతల ఆమె తోట. అవతల ఆల్బర్ట్ ముక్కలు ముక్కలుగా, లాట్లుగా కోసి క్లాంగ్ వైపు తెలుగువాళ్ళకి అమ్ముతున్న తోట. మధ్యలో తూము, తూము మీద దాటడానికి ఒక పలక.

పలక ముందు చూశాడు. దాని నిండా కోళ్ళ గూడుకి వాడే ఇనపవల పరిచి మేకులు కొట్టి ఉంది. చెప్పు అంచుతో గీకాడు. చెప్పు పట్టుకుపోయింది. జారాలని అనుకున్నవాడికి కూడా ఇక్కడ జారడం కష్టం.

తూము పక్కన గట్టు మూలలో నల్లటి అమ్మవారి రాయి ఉంది. పసుపు, కుంకుమ, నూనె పేరుకుని ఉన్నాయి. రాయి ముందు నేల మీద కుండ అడుగు దిగిన గుండ్రటి గుంట. కుండ మాత్రం లేదు. పక్కనున్న గడ్డి దుబ్బు విడదీస్తే చేతికి ఒక పెంకు తగిలింది. పైన మసి, లోపల పసుపు. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత గుంజలు. ఊరంతా చెప్పింది వీటి గురించే. వైబీ మాట విన్నామన్నవాళ్ళు ఒక్కరూ లేరు గాని, రోడ్డు గుంజలు కళ్ళారా చూశామన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. గట్టు పొడవునా మోకాలెత్తున కర్రలు పాతి, ఒక్కొక్కదాని తలకి గుడ్డ కట్టి ఉంది. వరస తోట గేటు దగ్గర మొదలై, అమ్మవారి రాయి దాకా వచ్చి, కాలువ దాటి అవతల ఆల్బర్ట్ తోటలోకి సాగింది. చూసినవాడికి సందేహం రాదు. సర్వే చేసి రోడ్డుకి గుర్తు పెట్టారనే అనుకుంటాడు.

సుప్పయ్య పలక దాటి అవతలి గట్టు మీద వంగి చూశాడు. ఇక్కడి గుంజలు మిల్లులో కోసిన చదరపు కర్రలు, తలకి ఎర్ర ప్లాస్టిక్ పట్టీ. మళ్ళీ ఇవతలికి వచ్చాడు. ఇవి చేత్తో విరిచిన వేపకొమ్మలు, బెరడుతో సహా. తలకి వానకి వెలిసిన నూలు గుడ్డ. దూరం నుంచి రెండూ ఒకటే. దగ్గరికి వస్తే ఒకటి రేవు చేప, ఇంకోటి చెరువు చేప.

"ఏంది అణ్ణే, కరువాడు కంపు గట్టు దాకా వచ్చింది?"

వెనక్కి తిరగక్కర్లేదు. ఆ గొంతు రాజన్‌ది. తెలుగులో తమిళం కలిపి మాట్లాడే మాజీ పోలీసు. ఇప్పుడు సుప్పయ్య లాగే లైసెన్సు డిటెక్టివ్. అతనికంటే మంచి కారు, మంచి చొక్కా. శ్రీకుమార్ చావు ప్రమాదమేనని రిపోర్టు రాయడానికి ఆల్బర్ట్ కంపెనీ అతన్ని పెట్టుకుంది.

"కంపు కొట్టేది ఎండుచేప కాదు రాజన్. కుళ్ళిన చేప. తేడా తెలీదా?"

"సుమ్మా, ఊరికే మాటలొద్దు అణ్ణే. తాగినాడు, పలక జారినాడు, పోయినాడు. రిపోర్టు అయిపోయింది. ఫోటోలు కూడా తీసినాను."

"ఆ పలక మీద ఒకసారి నువ్వు జారి చూపించు. నేను ఇంటికి పోతాను."

రాజన్ పలక వైపు చూశాడు, వల వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "తాగినోడికి నేలే జారతాది."

"తాగినాడని డాక్టరు చెప్పినాడా?"

"జనం చెప్పినారు."

"రోడ్డు గురించి చెప్పిన జనమేనా?"

సుప్పయ్య గట్టు మీద కూర్చుని దగ్గరున్న గుంజ మీద చెయ్యి వేశాడు. రాజన్ గొంతు ఒక్కసారిగా మారింది.

"అణ్ణే! ముట్టుకోవద్దు. అది గవర్నమెంటు గుంజ. పీకితే కేసు."

"పీకను. ముడి విప్పుతాను."

"దానికీ కేసే."

"పెట్టు. నువ్వే సాక్షి."

గుడ్డ తడిగా ఉంది. రాత్రి వానకి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగి లాగి విప్పాడు. పై మడత వెలిసి తెల్లబారింది. లోపలి మడతలు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి. అతని వేళ్ళన్నీ పసుపయ్యాయి. మధ్యలో మూటకట్టినట్టు ఒక పసుపు కొమ్ము, ఎండిన వేపాకు, నాలుగు బియ్యపు గింజలు.

సుప్పయ్య అరచెయ్యి చాపి చూపించాడు. "ఏ గవర్నమెంటు పసుపు కొమ్ము పెట్టి సర్వే చేస్తాది? చెప్పు రాజన్. పోలీసులో ఉన్నావు కదా."

రాజన్ దగ్గరికి వచ్చి చూశాడు. చూసి ఆ మూటని అతని చేతిలోంచి లాక్కుని కాలువలోకి విసిరేశాడు.

"ఏమీ లేదు అక్కడ. నేను చూడలేదు. మీరూ చూడలేదు."

సుప్పయ్య కోప్పడలేదు. గట్టు పొడవునా ఇంకా అలాంటి ముళ్ళు చాలా ఉన్నాయి. ఒక మూట పోతే సరుకు పోదు. అతను చూసింది రాజన్ తొందరని. కూలికి రిపోర్టు రాసేవాడికి అంత తొందర ఉండదు.

"ఎన్ని లాట్లు కొన్నావు?" అని నెమ్మదిగా అడిగాడు.

"రెండు," అన్నాడు రాజన్ కాలువ వైపే చూస్తూ. "పెన్షన్ ఫండు మొత్తం తీసి పెట్టినాను అణ్ణే. నా భార్యకి ఇంకా తెలీదు. రోడ్డు వస్తాది. రావాలి."

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. రాజన్ కొరివిని కొని, అది దీపమని అందరికీ చెప్పుకుంటున్నాడు. అబద్ధం చెప్పమని ఆల్బర్ట్ అతనికి డబ్బివ్వక్కర్లేదు. రెండు లాట్లు అంటగడితే చాలు, అబద్ధం వాడే చెప్పుకుంటాడు.

"నేను పోలమ్మ ఇంటికి పోతున్నాను," అన్నాడు సుప్పయ్య లేస్తూ. "ఈ గుంజలు ఎవరివో ఆమె చెప్తాది. నీకు ఇష్టముంటే రా. లేదంటే కారులో కూర్చో."

రాజన్ కారులో కూర్చోలేదు. తిట్టుకుంటూనే వెనకాల వచ్చాడు.

*

పోలమ్మ ఇల్లు తోట మొదట్లోనే. ఎనభై ఏళ్ళ మనిషి. జాకెట్టు తొడగకుండా చీర కొంగు భుజాల చుట్టూ తిప్పుకుని, అరుగు మీద కూర్చుని వేపపుల్లలు విరుస్తోంది. సుప్పయ్యని చూడగానే పక్కకి జరిగి చోటిచ్చింది.

"రా బాబూ. నువ్వొస్తావని భారతి సెప్పింది, నీకోసమే సూస్తన్నాను. ఆ ఎనకాలున్న పోలీసోడెవడు?"

"పోలీసు కాదు లే, పోలమ్మప్పా. ఇప్పుడు నాలాంటోడే. ముందు సెయ్యి కడుక్కుంటాను."

"కుళాయి కాడ సబ్బున్నాది."

సుప్పయ్య కుళాయి తిప్పి బట్టల సబ్బు ముక్క తీసుకుని వేళ్ళు రుద్దాడు. రుద్ది, ఆగిపోయాడు. నురగ ఎర్రబడింది. పసుపు అంటిన వేళ్ళు, గోళ్ళ సందులు, అరచేతి గీతలు అన్నీ ఇటుకరంగుకి తిరిగాయి.

పసుపులో సున్నం కలిపితే పారాణి. ప్రతి తెలుగింటి పెళ్ళిలోనూ చూసిందే. సబ్బు తగిలినా అంతే. కిటికీ గూట్లో ఆరుతున్న తెల్లబూట్లు కళ్ళముందుకి వచ్చాయి. పక్కనుంచి చిమ్మిన చుక్కలు. సబ్బు పెట్టి తోమినా పోలేదు లా.

పొద్దున మూల పెట్టుకున్న లెక్క తేలింది. అతను చెయ్యి పూర్తిగా కడుక్కోలేదు. అలాగే ఎర్రగా ఉంచుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అప్పా, గట్టు మీద గుంజలు ఎవరివి?"

"నావే," అంది పోలమ్మ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "అమ్మోరికి దారి కట్టినాను. ఎస్టేటు అమ్మీసిన కాడ్నించి గుడి ఘటం మా నేలకి రావడం మానీసింది. పాత దారి మూసీసినారు కదా. ఈ ఏడు మోకాళ్ళు నెమ్మదిస్తే నానే దారి కట్టి పిలుసుకుంటానని మొక్కుకున్నాను. మా యమ్మ కట్టీది, ఆ యమ్మకి ఆళ్ళమ్మ నేర్పిందట. గుంజకో పసుపుకొమ్ము, రాయి దాకా."

గుమ్మం దగ్గర నిలబడ్డ రాజన్ కదిలాడు. "కాలువ అవతలివి కూడా నీవేనా, పాటీ?" అన్నాడు, తమిళంలో అవ్వని పిలిచినట్టు.

పోలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అమ్మోరు నీళ్ళు దాటదు, నాయనా. ఆ మాత్రం తెలీదేటి? అవతల పాతింది ఎవడో తలమాసినోడు. నా దారి చూసి దానికి తోక కట్టినాడు."

పుకారు తయారైన చోటు దొరికింది. వైబీ లేడు, పీయే లేడు. ఒక ముసలామె మోకాళ్ళ నొప్పికి మొక్కుకున్న మొక్కు. దాన్ని చూసి జనం రోడ్డు అనుకున్నారు. ఆల్బర్ట్ దానికి తోక కట్టి తన లాట్ల మీదుగా లాగాడు. ఇప్పుడు మొదలు తన చేతికి రాకపోతే తోక నిలవదు. అందుకే ఈ నేలకి అంత ధర. గుంజలతో పాటు కొనేసి చదును చేస్తే అడిగేవాడుండడు. పైగా ఆ ధర విని మిగతా లాట్ల ధర రెట్టింపవుతుంది. రేవులో వేలంపాటలో సొంత బుట్టని సొంత మనిషి చేత ఎక్కువకి పాడించడం సుప్పయ్య ఎన్నోసార్లు చూశాడు.

"ఈ సంగతి శ్రీకుమార్‌కి తెలుసా?"

వేపపుల్ల విరుస్తున్న చెయ్యి ఆగింది. "లచ్చింవారం వచ్చినాడు. ధర మాటాడ్డానికి. అవతల గుంజలు పీకించమని నానే తగువాడినాను. అప్పుడు తెలిసినాది గుంటడికి. ఈ అరుగు మీదే కూలబడి ఏడిసినాడు. మనోళ్ళందరి సేతా కొనిపించినాను పోలమ్మా, అందరికీ డబ్బులు ఇప్పించీస్తాను, రేపు తెల్లారే ఆ ఆల్బర్ట్‌ని తెచ్చి నీ ముందర ఒప్పిస్తాను అన్నాడు. పాపం, మంచి గుంటడు."

"రేపు తెల్లారే అంటే శుక్రవారం."

"ఆ. చీకటుండగానే నాను ముర్రాట పెట్టినాను రాయి ముందర. కుండ నిండా పసుపునీళ్ళు, ఏపాకు. పూలు మర్సిపోయి ఇంటికొచ్చి మళ్ళీ ఎల్లినాను. ఎల్లేసరికి కుండ పగిలిపోయున్నాది. తర్వాతే నీళ్ళల్లో గుంటడు కనపడ్డాడు. నానే కేకలేసినాను."

"అంటే జనం రాకముందే కుండ పగిలింది. పోలీసులకి సెప్పలేదా అప్పా?"

"ఆళ్ళడిగిందొకటే, తాగీవోడా అని. కాదన్నాను. రాసుకోలేదు. పగిలిన ముర్రాట ఊసు అడక్కుండా ఎలాగ సెప్తాం బాబూ, అరిష్టం కదా. పెంకులు ఏరి పాతీసినాను."

సుప్పయ్య జేబులోంచి రుమాలు తీసి, మిగిలిపోయిన పెంకుని రాజన్ చేతిలో పెట్టాడు. తర్వాత తన ఎర్రటి వేళ్ళు చూపించాడు. ఆఫీసు కిటికీలో బూట్ల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. రాజన్ పెంకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. అతను పోలీసులో పనిచేసినప్పుడు మంచివాడే. ఆ పాత మనిషి, రెండు లాట్లు కొన్న కొత్త మనిషి అతని లోపల పెనుగులాడుతున్నారు.

"బూట్లు ఉతుక్కుంటే హత్య చేసినట్టా, అణ్ణే? కోర్టు నవ్వుతాది."

"నవ్వుతాది. అందుకే వాడే చెప్పాలి."

"ఆయన నాలుగింటికి లాయరు కాడే కదా కనపడేది."

"కాదు," అంది పోలమ్మ. "ఇక్కడికే వస్తాడు. పొద్దున ఫోను సేసినాడు. ఆ గుంజలు నీవని ఎవరికైనా సెప్పినావా అనడిగినాడు. ఇంకా లేదు నాయనా, మద్దాన్నం సుప్పయ్య వస్తాడట, ఆయనకి సెప్తాను అన్నాను. అయితే నానే ముందొచ్చి తీసుకెల్తాను, ఎవరితోటీ మాటాడకు అన్నాడు."

గుంజలు ఎవరివో ఆల్బర్ట్‌కి తెలుసు. ఆ మాట చెప్పగలిగినవాళ్ళలో ఒకడు కాలువలో తేలాడు. రెండో మనిషి ఈ అరుగు మీద కూర్చుని వేపపుల్లలు విరుస్తోంది. వేలిముద్ర వేశాక ఈమె ఇంటికి తిరిగివస్తుందని హామీ ఎక్కడా లేదు.

గేటు దగ్గర హారన్ మోగింది.

తెల్ల కారు లోపలికి వస్తోంది. సుప్పయ్య లేవలేదు. పోలమ్మ వైపు వంగి మెల్లగా అడిగాడు.

"అప్పా, ఇంటికొచ్చినోడి కాళ్ళకి నీళ్ళిచ్చే అలవాటు మానీసినావా?"

"మానీడమేటి?"

"ముర్రాట నీళ్ళుంటే అవే ఇయ్యి. చెంబు కింద పెట్టడానికి వంగలేవు కదా, నువ్వే పొయ్యి."

పోలమ్మ అతని ముఖం చూసింది, ఎర్రటి చేతులు చూసింది. ఇంకో మాట అడగలేదు. లోపలికెళ్ళి పూజ మూల నుంచి ఇత్తడి చెంబు తెచ్చింది.

ఆల్బర్ట్ కారు దిగాడు. ఇంజను ఆపలేదు. కాళ్ళకి కొత్త తెల్ల బూట్లు. అరుగు మీద సుప్పయ్యని చూసి ఒక క్షణం తడబడ్డాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"అంకుల్ ఇక్కడే ఉన్నారా! రాజన్ కూడానా? మంచిది లా. అమ్మమ్మా, బయల్దేరదామా?"

"దా నాయనా, కాళ్ళు తడుపుకో," అంటూ పోలమ్మ ఎదురెళ్ళి చెంబు వంచింది. పచ్చటి నీళ్ళు బూట్ల మీద పడ్డాయి.

ఆల్బర్ట్ వెనక్కి గెంతాడు. "ఛ! పసుపు నీళ్ళా? మళ్ళీనా? ఈ జత కూడా పోయిందే!"

సుప్పయ్య అప్పుడు అరుగు మీంచి లేచాడు.

"మొదటి జత ఎక్కడ తడిసింది బాబూ?" అన్నాడు సుప్పయ్య. "బటాంగ్ బెర్జుంటై ఎర్రమట్టిలోనా?"

ఆల్బర్ట్ కళ్ళు పోలమ్మ మీదికి, చెంబు మీదికి, రాజన్ చేతిలో ఉన్న పెంకు మీదికి పోయాయి. అక్కడ ఆగాయి. తర్వాత అతను పరిగెత్తలేదు, గబగబా నాలుగడుగులు వేసి కారెక్కి తలుపు వేసుకున్నాడు. తాళాలు టక్కున పడిన శబ్దం వినిపించింది.

అప్పుడు కనపడింది వెనక సీట్లో మనిషి. ఒళ్ళో గొడుగు, చేతిలో గుర్తింపు కార్డు పెట్టుకుని, సాక్షి సంతకానికి బయల్దేరిన భారతి. వాకిట్లో జరిగింది ఆమె అంతా చూసింది. అద్దం మీద అరచేత్తో ఒకసారి కొట్టింది. ఆమె నోరు మొగుడి పేరు అన్నట్టు కదిలింది. కారు వెనక్కి తిరిగి, గేటు ఊచలు రాసుకుంటూ రోడ్డెక్కింది.

సుప్పయ్య తన మోటారుసైకిల్ వైపు చూశాడు. దాంతో ఆ కారుని అందుకోవడం అయ్యే పని కాదు. రాజన్ వైపు తిరిగాడు. రాజన్ పెంకుని జేబులో వేసుకుని, కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అణ్ణే, ఒక్క మాట చెప్పండి. నా రెండు లాట్లు పోయినట్టేనా?"

"పోవడానికి ముందు ఉండాలి కదా," అన్నాడు సుప్పయ్య. "బండి తియ్యి."

రాజన్ తీశాడు.